అడగకుండా పెట్టిన అమ్మ

అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత కట్టినవాడెవడో వైదేహిని చూసి ఉండడు. ఆమె కొడుకు ఆశిష్‌కి ఎనిమిదేళ్ళు నిండాయి. ఆ ఎనిమిదేళ్ళలో వాడు ఒక్క మాట పలకలేదు, దేన్నీ అడగలేదు. అయినా వాడికి ఆకలేసి అన్నం రాని పూట లేదు. కింది పెదవి కుడివైపుకి లాగాడంటే దాహం. ఎడమ చెవి నలిపాడంటే నిద్ర. మోకాళ్ళ మీద అరచేతులు రుద్దాడంటే బాత్రూమ్. గొంతులో సన్నగా జుమ్మన్నాడంటే ఆకలి, అదే కాస్త బొంగురుగా అన్నాడంటే లబన్. లబన్ అంటే ఆ దేశంలో సీసాల్లో అమ్మే మజ్జిగ. వైదేహి అందులో చిటికెడు ఉప్పు, కాస్త అల్లం రసం, నలిపిన కరివేపాకు వేసి, వాడి నీలం గ్లాసులో పోసి, వాడి గొంతు రెండోసారి జుమ్మనేలోపల నోటికి అందించేది.

ఇవన్నీ ఏ పుస్తకంలోనూ లేవు. ఏ డాక్టరుకీ తెలియవు. కన్నతండ్రి నరసింహమూర్తికే సగం తెలియవు. ఆయన ఒక కట్టడాల కంపెనీలో ఇంజనీరు, పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వచ్చే మనిషి. అబూదాబీ ఊరి బయట, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లా పైవాటాలో వాళ్ళ కాపురం. పండగలకి కలుసుకునే తెలుగు ఆడవాళ్ళు, "నీ ఓర్పులో పావలా వంతు మాకుంటే బాగుండు వైదేహీ" అనేవాళ్ళు. "ఏముందండీ, అమ్మను కదా" అని ఆమె తల వంచుకునేది. తల వంచుకునేది గానీ లోపల పొంగిపోయేది. కాకినాడలో ఎమ్మెస్సీ చదివి, లెక్చరర్ ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషి. ఆమె గొప్ప చెప్పుకోవడానికి మిగిలింది అదొక్కటే.

అలాంటి ఇంట్లోకి, 2007 ఫిబ్రవరిలో, కల్పన వచ్చింది.

కల్పనకి ఇరవై అయిదేళ్ళుంటాయి. కరీంనగర్‌లో నర్సింగ్ చదివి పక్కనున్న ముసఫ్ఫాలో ఒక క్లినిక్‌లో నర్సుగా చేస్తోంది. తండ్రి రాజమౌళి దుబాయ్ దగ్గర జెబెల్ అలీలో వెల్డరు, లేబర్ క్యాంపులో ఉంటాడు. ఉన్న ఉద్యోగం చాలక కల్పన ఇంకో చదువు మొదలుపెట్టింది. ఆశిష్‌లాగా బుద్ధి ఎదుగుదల నిదానంగా ఉండేవాళ్ళకి, చిన్నవాళ్ళయినా పెద్దవాళ్ళయినా, నర్సుగా ఉండటం ఎలాగో నేర్పే చదువు. వారానికి మూడు సాయంత్రాలు కాలేజీ. చివర్లో ఒక ఇంటికి ఆరు శనివారాలు వెళ్ళి, ఆ ఇంట్లో మనిషికి ఒక్క వస్తువుని తనంతట తాను అడగడం నేర్పాలి. ఆరో శనివారం టీచరు వచ్చి చూస్తుంది. చూసి సరే అంటేనే చదువు పూర్తయినట్టు. ఆశిష్ వెళ్ళే స్కూలు వాళ్ళు ఈ ఇంటి పేరిచ్చారు, నరసింహమూర్తి ఫోన్లోనే సరేనన్నాడు, వైదేహికి మాత్రం ఆ సంగతి భోజనాల దగ్గర తెలిసింది.

మొదటి శనివారం కల్పన షేర్ టాక్సీ దిగి, నున్నగా నూనె రాసి అల్లుకున్న జడ, చేతిలో ఒక నోటుబుక్కుతో మెట్లెక్కింది. చెప్పులు బయట విడిచి, నేరుగా చాప మీద ఆశిష్ పక్కన కూర్చుంది. అరగంట ఊరికే చూసింది. తర్వాత అడిగింది.

"లబన్ కావాలంటె బాబు ఎట్ల అడుగుతడు మేడం?"

"వాడు అడగక్కర్లేదమ్మా. నాకు తెలిసిపోతుంది."

"మీరు లేనప్పుడు?"

"నేనెప్పుడూ ఉంటాను."

కల్పన నోటుబుక్కులో ఏదో రాసుకుంది. వైదేహికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏం రాశావమ్మాయ్?" అంది.

"మీరు చెప్పిందే రాసిన మేడం."

అది నిజమే. కానీ తన మాటను ఇంకొకళ్ళు కాగితం మీద పెడితే ఎందుకో అది గొప్పగా కాక తప్పులాగా కనిపిస్తుంది. వైదేహి ఆ సాయంత్రం వరకూ ఆ నోటుబుక్కునే తల్చుకుని గిన్నెలు కాస్త గట్టిగానే తోమింది.

రెండో శనివారం కల్పన ఒక పుస్తకం తెచ్చింది. అట్టల మీద అంటించి పీకే పట్టీలు, వాటి మీద చిన్న చిన్న బొమ్మల కార్డులు. లబన్ సీసా ఫోటో, నీళ్ళ ఫోటో, బిస్కెట్ ఫోటో. అన్నీ తానే తీసి, కత్తిరించి, ప్లాస్టిక్ తొడిగింది.

"ఈ పనికి ఇద్దరు కావాలె మేడం. ఒకరు ముందట, ఒకరు యెనక. యెనక కూసున్నోళ్ళు బాబు చెయ్యి పట్టుకొని కార్డు తీపిచ్చి, ముందటోళ్ళ చేతుల పెట్టియ్యాలె. యెనకోళ్ళు ఒక్క ముచ్చట గూడ మాట్లాడొద్దు. కార్డు చేతుల పడంగనె ముందటోళ్ళు లబన్ ఇయ్యాలె. జెర గూడ ఆలస్యం చెయ్యొద్దు. అడిగితె దొరుకుతదని బాబుకు నమ్మకం కుదరాలె."

"సరే, ముందు ఎవరు?"

"ఈ రెండు వారాలు నేను కూసుంట. తర్వాత మీరు."

అలా కన్నతల్లి వెనక కూర్చుంది. ఎదురుగా ఎవరో పిల్ల. ఆశిష్ గొంతు బొంగురుగా జుమ్మంది, వైదేహి చెయ్యి అలవాటుగా గ్లాసు కోసం లేచింది, కల్పన తల అడ్డంగా ఊపింది. వైదేహి కొడుకు చెయ్యి పట్టుకుంది, కార్డు తీయించింది, కల్పన అరచేతిలో పెట్టించింది. "లబన్! బాబుకు లబన్ కావాల్నా!" అని కల్పన గ్లాసు ఇచ్చింది. ఉప్పు లేదు, అల్లం లేదు, కరివేపాకు లేదు. ఉత్త సీసాలో లబన్. వాడు గుటగుటా తాగేశాడు. నా చేతి మజ్జిగ తాగినవాడికి అదెలా దిగిందో అనుకుంది వైదేహి. పొరుగింటి పుల్లకూర రుచి మరి.

మూడో శనివారం, పదకొండోసారో పన్నెండోసారో, వైదేహి వేళ్ళ కింద ఉన్న ఆ చిన్న చెయ్యి దానంతట అదే కదిలింది. ఆమె పట్టు వదిలేసింది. చెయ్యి ముందుకు వెళ్ళింది, కార్డు పీకింది, గాల్లో ఒక్క క్షణం తడబడింది, కల్పన అరచేతిలో పెట్టింది. పెట్టి, వాడు కల్పన మొహంలోకి నేరుగా చూసి, నవ్వాడు.

ఆ నవ్వు ఎలా ఉందో వైదేహికి తెలియదు. వెనకనుంచి ఆమెకి కనిపించింది నవ్వుకి పైకి లేచిన రెండు చెవులు మాత్రమే.

కల్పన కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "అడిగిండు మేడం, అడిగిండు!" అంది. వైదేహికి కూడా సంతోషం కలగాలి. కలగలేదు. నిజం చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఆమెకి కలిగింది కుళ్ళు. నోరు చేదెక్కి, కడుపులో ఎవరో గుప్పెడు మిరపకాయలు పోసి రుబ్బుతున్నట్టున్న అచ్చమైన కుళ్ళు. ఎనిమిదేళ్ళు ఎత్తి, కడిగి, తుడిచి, పెట్టిన తనకేసి వాడు ఏనాడూ అలా చూడలేదు. చూడాల్సిన పని వాడికి పడలేదని ఆమెకి తట్టలేదు. మూడు శనివారాల పిల్లకి, పట్టుమని పది గంటల పరిచయానికి, ఆ చూపు దక్కింది. అదొక్కటే తట్టింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నరసింహమూర్తి మజ్జిగన్నం కలుపుకుంటూ, "ఆ పిల్ల గట్టిదే వైదేహీ. ఎనిమిదేళ్ళలో మనవల్ల కానిది మూడు వారాల్లో చేసింది" అన్నాడు. మనవల్ల అన్నాడు. పుండు మీద కారం చల్లడం మగవాళ్ళకి ఒకరు నేర్పాలా? ఆయన అడిగిన ఊరగాయ ఆ పూట అడిగాక కూడా రాలేదు.

మర్నాడు స్నేహితురాలు కాత్యాయనికి ఫోన్ చేసింది. ఆ పిల్ల భాష, జడ, నూనె వాసన, లేబర్ క్యాంపు తండ్రి, అన్నీ వరసపెట్టి వినిపించింది. "కూసోండ్రి, లేవండ్రి అంటుందే బాబూ. దాని మాటలు వింటే వాడికి రాబోయే మాట కూడా రాకుండా పోతుంది" అంది. కాత్యాయని అంతా శ్రద్ధగా విని, "అవునుగానీ వైదేహీ, నిజంగా మూడు వారాల్లో అడిగాడా? అయితే ఆ అమ్మాయి నంబరు కాస్త ఇద్దూ, మా తోడికోడలి పిల్లాడికి కూడా" అంది. వైదేహి సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేసింది.

నాలుగో శనివారం కల్పన చాప పరిచి, "ఇయ్యాల మీరు ముందట కూసోండ్రి అక్కా" అంది. మేడం ఎప్పుడు అక్క అయిందో వైదేహి గమనించలేదు. ఎవరికి ఎవరు అక్క?

"నాకెందుకమ్మా? వాడు నాకు కార్డిచ్చి అడుక్కోవాలా? నేను వాడి తల్లిని."

"అందుకే అక్కా. మీ దగ్గరనే అడగాలె." కల్పన కాసేపు చేతిలో కార్డులు సర్దుకుంది. "మా పోచన్న ఉండె. మా అన్న. బాబులెక్కనే మాటలు రాలే. మా అమ్మ చంద్రవ్వకు ఆయన మనసుల ఏమున్నదో అంత ఎరుకే. ఒక్కసారి అమ్మకు జ్వరమొచ్చి మూడు దినాలు దవాఖాన్ల పడ్డది. అన్న మూలుగుతనే ఉన్నడు. మేము ఆకలనుకున్నం, అన్నం పెట్టినం. అమ్మ కోసం ఏడుస్తుండనుకున్నం. కడుపుల నొప్పి అని మాకెవ్వలకు తెల్వలే. తెల్సుకునేసరికి ఖలాస్. అందుకే ఈ చదువుల చేరిన."

మామూలు రోజుల్లో అయితే వైదేహి ఆ పిల్ల తలమీద చెయ్యి వేసి ఉండేది. చెడ్డ మనిషి కాదు. కానీ కుళ్ళు పట్టిన చెవికి ఏ మాటా తిన్నగా చేరదు. 'అంటే నేను పోతే అనా?' అనుకుంది. "మా ఇంట్లో అలాంటివి జరగవులే" అని పైకి అంది. ముందు కూర్చోలేదు.

కల్పన ఇంకేం బలవంతపెట్టలేదు. బలవంతపెట్టి ఉంటే బాగుండేది, కానీ ఆరో శనివారం తరుముకొస్తుంటే ఆమెకీ పేచీకి తీరిక లేదు. వెళ్ళబోయే ముందు ఒక కాగితం ఇచ్చింది. రోజుకి అయిదు గడులు. లబన్ వాడికి కనిపించేలా, అందకుండా పెట్టాలి. గ్లాసు ఎత్తకూడదు. మనసులో పది లెక్కపెడుతూ ఆగాలి. వాడు కార్డు తెచ్చి చేతిలో పెడితే గడిలో టిక్కు, లేకపోతే సున్నా.

"సున్నలు వచ్చినా ఏం కాదక్కా. నిజం రాస్తె చాలు. చివరి రోజు మా టీచరు మీ దగ్గరనే అడిగిపిస్తది. నన్ను అడిగితె నా చదువుకు పనికొస్తది గని బాబుకు పనికి రాదు."

ఆదివారం వైదేహి నిజంగానే మొదలుపెట్టింది. లబన్ సీసా ఫ్రిజ్ మీద పెట్టి ఎదురుగా నిలబడింది. వాడి గొంతు జుమ్మంది. ఒకటి, రెండు, మూడు. వాడు ఆమెకేసి చూడలేదు, పుస్తకంవైపు చూడలేదు, ఊరికే నోరు తెరిచి నిలబడ్డాడు. నాలుగు. అయిదుకి వచ్చేసరికి గ్లాసు వాడి నోటి దగ్గర ఉంది. తనకే తెలియకుండా చెయ్యి వెళ్ళిపోయింది. ఎనిమిదేళ్ళ అలవాటు ఒక కాగితానికి లొంగుతుందా?

మొదటి గడిలో సున్నా పెట్టడానికి పెన్ను తీసింది. ఆ పిల్ల ముందు వాడు అడుగుతాడు, నా ముందు అడగడు, దానికి నేనే సంతకం చేసి సాక్ష్యం ఇవ్వాలా అనిపించింది. టిక్కు పెట్టింది. సోమవారం ప్రయత్నించకుండానే టిక్కులు పెట్టింది. ఆ వారం, పై వారం కూడా శుక్రవారం సాయంత్రాలు ఒకేసారి కూర్చుని మిగిలిన గడులన్నీ నింపేసింది. ఆ రోజు వచ్చినప్పుడు చూద్దాంలే అనుకుంది. దారిన పోయే నర్సుని అడిగినవాడు కన్నతల్లిని అడగడా?

అయిదో శనివారం కల్పన మొదటి కాగితం చూసి మురిసిపోయి, పై వారానికి ఇంకోటి ఇచ్చింది. "అన్ని టిక్కులే! నేను అనుకోలే అక్కా. మీరు నాకన్న మంచిగ నేర్పిచ్చిన్రు" అంది. ఆ మెప్పు వైదేహి గొంతులో చేపముల్లులాగా అడ్డం పడింది. అయినా మింగేసింది.

ఆరో శనివారం టీచరు వచ్చింది. మిసెస్ డోనలీ అని ఐర్లండు మనిషి, యాభై దాటినావిడ, నెమ్మదిగా నడిచి నెమ్మదిగా మాట్లాడే మనిషి. సోఫా వద్దని గోడవార నేల మీదే కూర్చుంది. నరసింహమూర్తి కంపెనీ మీటింగుకి వచ్చినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. కల్పన టిక్కుల కాగితాలు రెండూ టీచరుకి అందించి, వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. ఇవాళ ఆమె పని చూడటమే.

వైదేహి ముందు కూర్చుంది. మంచి చీర కట్టుకుంది. కరివేపాకు వేసిన లబన్ నీలం గ్లాసులో తన పక్కనే పెట్టుకుంది. పుస్తకం వాడి ముందు తెరిచి ఉంది, లబన్ కార్డు పైనే ఉంది. వెనక ఎవరూ లేరు.

ఆశిష్ అమ్మని చూశాడు. గ్లాసుని చూశాడు. గొంతు జుమ్మంది. తర్వాత మెడ చాచి నోరు తెరిచాడు.

వైదేహి అరచెయ్యి చాపింది. 'ఇవ్వు నాన్నా' అని కళ్ళతోనే బతిమాలింది. వాడు నోరు మూసి, గుటక వేసి, మళ్ళీ తెరిచాడు. తల్లిపిట్ట ముందు పిట్టపిల్ల తెరిచినట్టు, ఎంతో నమ్మకంగా, ఏ తొందరా లేకుండా. అమ్మ పెడుతుంది. అమ్మ ఎప్పుడూ పెడుతుంది. పది దాటింది, ఇరవై దాటింది. పుస్తకం వాడికి గుర్తే లేదు. గదిలో అందరూ ఆ తెరిచిన నోటిని చూస్తున్నారు. వైదేహి చెవులు వేడెక్కిపోయాయి.

మిసెస్ డోనలీ ఆపించింది. వాడికి లబన్ తాగించమంది. కాగితాలు మళ్ళీ ఒకసారి చూసి, కోపం లేకుండానే అడిగింది. "ఈ టిక్కులన్నీ మీరే పెట్టారా? వాడు ఇంట్లో మిమ్మల్ని ఇన్నిసార్లు అడిగాడా?"

అవును అంటే అబద్ధం అక్కడే తేలిపోతుంది. లేదు అంటే తాను అబద్ధాలకోరు. రెండూ కాని దారి ఒకటి కనిపించింది. దారి కాదు, గొయ్యి. అందులోకి వేరే మనిషిని తోసి తాను గట్టున నిలబడే గొయ్యి.

"ఆ అమ్మాయే పెట్టమంది" అంది వైదేహి. "తన పాసు పోతుందని, అన్నీ టిక్కులే పెట్టమని చెప్పింది."

ఇంగ్లీషులో, ఒక్క తప్పూ లేకుండా చెప్పింది.

మిసెస్ డోనలీ కల్పనకేసి తిరిగింది. "లేదు మేడం" అంది కల్పన, అంతే. టీచరు కాగితాలు సంచిలో పెట్టుకుంది. నర్సు రాసే కాగితం అబద్ధమైతే మనుషుల ప్రాణాలు పోతాయని, ఇలాంటిది కాలేజీ పెద్దల ముందు పెట్టక తప్పదని, ఇంటివాళ్ళు ఇదే మాట రాసి రేపు కాక పై ఆదివారం కల్లా పంపితే కల్పనని చదువులోంచి తీసేస్తారని చెప్పింది. తన ఫోన్ నంబరున్న కార్డు బల్ల మీద పెట్టి కిందికి దిగింది.

కల్పన బొమ్మల పుస్తకం మూసి ఆశిష్ పక్కన పెట్టింది. "ఇది బాబుది" అంది. గడప దాటుతూ ఆగి, వైదేహిని చూసింది.

"గట్లెందుకన్నవక్కా?"

తిట్టినా బాగుండేది. వైదేహి తలుపు వేసేసుకుంది.

ఆ రాత్రి నరసింహమూర్తి అడిగాడు. "ఆ పిల్ల నిజంగానే అలా చెప్పిందా?"

"అయితే నేను అబద్ధమాడుతున్నానా?"

"అలా అనలేదు" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు. అలా అనలేదు గానీ అలా అనుకుంటున్నాడని ఆ వీపు చెబుతూనే ఉంది.

వారమంతా వైదేహి గెలిచిన మనిషిలాగా తిరిగింది. ఇల్లు మళ్ళీ ఆమెది. కొడుకు మళ్ళీ ఆమెవాడు. పెదవి లాగితే నీళ్ళు, చెవి నలిపితే పక్క, గొంతు జుమ్మంటే లబన్. ఉత్తరం కూడా రాసేసింది. మూడు వాక్యాలు. సంతకం చేసి కవరులో పెట్టి, ఆ దేశంలో పనిదినమైన ఆదివారం ఆఫీసుకి వెళ్తూ కాలేజీలో ఇవ్వమని భర్త సంచీ పక్కన పెట్టింది. మనసులో మాత్రం ఆ పిల్ల 'గట్లెందుకన్నవక్కా' అని రోజుకి పదిసార్లు మెట్లు దిగుతూనే ఉంది. దిగనీ. నా కొడుకు ముందు కూర్చోమని దాన్నెవరు రమ్మన్నారు?

శనివారం వచ్చింది. పది గంటలకి ఆశిష్ మెట్లకేసి ఉన్న కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పావుగంట, అరగంట. వైదేహి లబన్ కలిపి తెచ్చింది. వాడు మొహం తిప్పుకున్నాడు. బిస్కెట్ తెచ్చింది, నీళ్ళు తెచ్చింది. వాడి పెదవి ఎటూ లాగడం లేదు, చెయ్యి చెవి మీదకి పోవడం లేదు, గొంతు జుమ్మనడం లేదు. ఆమెకి తెలిసిన గుర్తుల్లో ఒక్కటీ లేదు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి వాడికేం కావాలో ఆమెకి తెలియలేదు. భయం వేసింది.

అప్పుడు వాడు కిటికీ వదిలి, మూలనున్న చాప ఈడ్చుకొచ్చి నేలమీద పరిచాడు. వంకరగా పరిచాడు. పుస్తకం తెచ్చాడు. వచ్చి అమ్మ మణికట్టు పట్టుకుని లాగి, చాప మీద కూర్చోబెట్టాడు. ఆమెకి వీపు పెట్టి తాను కూర్చున్నాడు. వెనక్కి చేతులు పోనిచ్చి, ఆమె రెండు చేతులూ తెచ్చి తన చేతుల మీద పెట్టుకున్నాడు. లబన్ కార్డు పీకి, ఎదురుగా చాపాడు.

ఎదురుగా ఎవరూ లేరు.

వైదేహి గబగబా లేచింది. వాడి ముందుకి వెళ్ళి కూర్చుని అరచెయ్యి చాపింది. "ఇవ్వు కన్నా. అమ్మకివ్వు. అమ్మ ఇస్తుంది" అంది. వాడు చెయ్యి దించేశాడు. లేచి, ఆమె భుజాలు పట్టుకుని లాగి, మళ్ళీ వెనక కూర్చోబెట్టాడు. ఆమె చేతులు మళ్ళీ తన మీద పెట్టుకున్నాడు. ఆమె ఇంకోసారి ముందుకి వెళ్ళింది. వాడు ఇంకోసారి వెనక్కి తెచ్చాడు. విసుక్కోలేదు, కొట్టలేదు. తెలియని పనిమనిషికి పని చూపించినట్టు ఓపిగ్గా చూపించాడు.

మూడోసారి ఆమె కదల్లేదు. వాడు బరువంతా ఆమె గుండెల మీద వేసి వాలాడు. వాడి జుట్టు ఆమె గడ్డానికి తగులుతోంది. కార్డు పట్టుకున్న చెయ్యి ఖాళీ గాలిలోకి చాచి ఎదురు చూస్తున్నాడు. ఆమె మనసు తనంతట తానే లెక్కపెట్టింది. పది. ముప్పై. అరవై. చెయ్యి దిగలేదు. వాడికి నమ్మకం కుదిరింది మరి. ఆ పిల్ల కుదిర్చిన నమ్మకం. నా కొడుకు మొదటిసారి నన్ను ఒకటి అడిగాడు, అడిగింది తీరా ఆ పిల్లని, అనుకుంది వైదేహి. కడుపు భగ్గుమంది. భగ్గుమంటూనే, ఇంతసేపు తన మీద ఇలా వాలి వాడు ఎప్పుడూ కూర్చోలేదని కూడా తెలిసింది. వెనక చోటు ఎవరికీ అక్కర్లేనిదని ఆమె ఇన్నాళ్ళూ ఏడ్చింది. వాడు మూడుసార్లు వెతుక్కుని వచ్చి కూర్చోబెట్టింది అక్కడే.

"ఏవండీ" అని పిలిచింది. నరసింహమూర్తి పేపరు పట్టుకుని వచ్చాడు. "నేను లేవలేను. బల్ల మీద ఆవిడ కార్డుంది. ఫోన్ కలిపి ఇవ్వండి."

"ఎవరావిడ?"

"మిసెస్ డోనలీ."

ఆయన ఫోన్ కలిపి చేతికిచ్చాడు. ఇచ్చి వెళ్ళిపోతే బాగుండునని ఆమె అనుకుంది. ఆయన వెళ్ళలేదు.

"నేను ఆశిష్ తల్లిని" అంది వైదేహి. "ఆ రోజు నేను చెప్పింది అబద్ధం. ఆ అమ్మాయి నిజమే రాయమంది, సున్నాలు వచ్చినా ఫరవాలేదంది. టిక్కులన్నీ నేనే పెట్టాను. వాడు నన్ను ఒక్కసారీ అడగలేదు. నేను అడగనివ్వలేదు." భర్త మొహం చూడలేక ఆమె కొడుకు నడినెత్తి మీద సుడిని చూస్తూ కూర్చుంది. ఎందుకలా చేశారని ఆవిడ అడిగింది. ఇంగ్లీషులో ఆ మాటకి తగిన మాట చప్పున దొరికింది.

"ఓర్వలేక" అంది.

ఇదంతా రాసి పంపాలని టీచరు చెప్పింది. పంపుతానంది. ఆరో శనివారం మళ్ళీ మొదటినుంచి చెయ్యాల్సి ఉంటుందంది. చేయించండి, నేను ముందు కూర్చోవడం నేర్చుకుంటానంది. నరసింహమూర్తి తన సంచీ పక్కనున్న కవరు తీసుకుని నిలువునా చింపాడు.

"ఇంకేమైనా చెప్పాలా?" అంది ఫోన్లో గొంతు.

ఉంది. చెప్పబోతుంటే కూడా కడుపులో మంట ఆరలేదు. ఆ జడ, ఆ నూనె, ఆ అక్కా అన్న పిలుపు, అన్నీ మళ్ళీ ఈ చాప మీదకి వస్తాయి. ఆ నవ్వు మళ్ళీ ఆ మొహమే చూస్తుంది. తనకి మళ్ళీ రెండు చెవులే కనిపిస్తాయి.

"ఆ అమ్మాయిని ఇవాళే రమ్మనండి, వీలైనంత తొందరగా" అంది వైదేహి. "వాడు చాపిన చెయ్యి ఇంకా దించలేదు."